3 కిలోవాట్ల సోలార్‌కి 15 యూనిట్లు రావట్లేదు: ఇంకో రెండు ప్యానెళ్లు కలిపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సూర్యాపేట పక్క ఊళ్లో జనవరిలో మేడ మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, 3 కిలోవాట్ల ఇన్‌వర్టర్ (ప్యానెళ్ల కరెంటును మార్చి ఇంటికీ వీధి లైనుకూ పంపే పెట్టె) పెట్టించారు. రోజుకు 15 యూనిట్లు ఖాయం అన్నారు. ఇప్పుడు మార్చి, ఎండ మండిపోతోంది, అయినా ఇన్‌వర్టర్ యాప్‌లో 11 దాటట్లేదు. కరెంటు మీటర్‌లో చూస్తే 6, 7 మాత్రమే. మధ్యాహ్నం పూట ఇన్‌వర్టర్ మీద ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. పెట్టినాయన ఇంకో రెండు ప్యానెళ్లు కలిపితే సరిపోతుందంటున్నారు.

కలిపించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ప్యానెళ్లు బాగానే పనిచేస్తున్నట్టున్నాయి. మధ్యాహ్నం లైన్ ఓల్టేజీ పెరిగి ఇన్‌వర్టర్ తనంతట తాను ఆగిపోతోంది, దాదాపుగా అదే కారణం. రెండు ప్యానెళ్లు కాదు, నాలుగు కలిపినా మధ్యాహ్నం ఆగేది ఆగుతూనే ఉంటుంది. ఖర్చు మాత్రం మీది.

ముందు ఆ మూడు అంకెలు విడదీయాలి: 15, 11, 7. ఈ మూడింటి మధ్య తేడాలకు మూడు వేర్వేరు కారణాలున్నాయి. అన్నీ కలిపి "సోలార్ సరిగ్గా రావట్లేదు" అనుకుంటేనే ఇలాంటి సలహాలు పుడతాయి.

11కీ 7కీ మధ్య తేడా అసలు నష్టమే కాదు. సోలార్ ఉన్న ఇంటి కరెంటు మీటర్, అంటే నెట్ మీటర్, రెండు లెక్కలు చూపిస్తుంది: బయటి నుంచి మీరు తీసుకున్నది, బయటికి మీరు పంపింది. పగలు ప్యానెళ్ల నుంచి వచ్చిన కరెంటులో ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు వాడుకున్నంత వాడుకోగా మిగిలిందే మీటర్ దాకా వెళ్లి ఎక్స్‌పోర్ట్ కింద పడుతుంది. ఇంట్లోనే వాడేసిన 4 యూనిట్లు ఆ మీటర్‌కు తెలియనే తెలియవు. యాప్‌లో 11, ఎక్స్‌పోర్ట్ 7 అంటే పగలు మీ ఇల్లు 4 వాడిందన్నమాట. రాత్రి మీరు 8 తీసుకున్నారనుకోండి, బిల్లులో లెక్కకొచ్చేది 8 లోంచి 7 పోగా ఒక్క యూనిట్, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ. ఉత్పత్తి ఎంతో చూడాలంటే విడిగా పెట్టిన సోలార్ మీటర్ చూడండి, అది లేకపోతే ఇన్‌వర్టర్ అంకె చూడండి. యాప్ లెక్క రెండు మూడు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక 15. మీ ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం 3.24 కిలోవాట్లు. మన దగ్గర నీడ లేని మేడ మీద, దక్షిణం వైపు వాలుగా పెడితే కిలోవాటుకు ఏడాదికి 1,400 నుంచి 1,500 యూనిట్లు వస్తాయి. అంటే మీకు ఏడాదికి సుమారు 4,500 నుంచి 4,850, రోజు సగటు 12.5 నుంచి 13. మార్చి, ఏప్రిల్‌లో ఆకాశం తేటగా ఉన్న రోజు 14, 15 వస్తాయి. జులై, ఆగస్టుల్లో సగటు 9, 10 దగ్గరికి దిగుతుంది, ముసురు పట్టిన రోజు 4 కూడా రావచ్చు. అమ్మేవాళ్లు ఏప్రిల్ అంకెను ఏడాదికంతా అంటగట్టి చెబుతారు. కాబట్టి ఆగస్టులో మీరు ఇదే ప్రశ్న అడిగి ఉంటే "11 వస్తే సంతోషించండి" అనేవాణ్ణి. మార్చిలో తేట ఆకాశం కింద 11 అంటే మాత్రం రోజుకు 3, 4 యూనిట్లు నిజంగానే పోతున్నాయి. వెతకాల్సింది వాటినే.

ఇంకో మాట, చాలామంది కంగారుపడేది దీని గురించే. నడిమధ్యాహ్నం కూడా ఇన్‌వర్టర్ మీద 3 కిలోవాట్లు కనబడకపోవడం లోపం కాదు. ప్యానెల్ వెనక రాసిన 540 వాట్లు ప్రయోగశాల అంకె: చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు, సెల్ (ప్యానెల్‌లో వెలుతురును కరెంటుగా మార్చే చిన్న పలక) వేడి 25 డిగ్రీలు. మన మేడ మీద మార్చి మధ్యాహ్నం సెల్ వేడి 60, 65 డిగ్రీలకు పోతుంది. ఇలాంటి ప్యానెల్ 25 దాటిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం పోగొట్టుకుంటుంది. 65 దగ్గర 40 డిగ్రీలు ఎక్కువ, అంటే 14 శాతం పోయింది. 3.24 కాస్తా 2.79 అయింది. దుమ్ముకు 3 శాతం, ఇన్‌వర్టర్‌లో 3 శాతం, వైర్లకూ ప్యానెళ్ల మధ్య తేడాలకూ ఇంకో రెండు మూడు శాతం తీసేస్తే 2.55 దగ్గర తేలుతుంది. మధ్యాహ్నం 2.4 నుంచి 2.6 కిలోవాట్లు కనబడితే మీ ప్యానెళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టే. వాన వెలిసి చల్లగాలి వీచిన రోజు ఇదే సిస్టమ్ 2.8 దాటడం మీరే చూస్తారు.

ఇప్పుడు యాప్ తెరిచి రోజు మొత్తం యూనిట్లు కాకుండా ఆ రోజు గ్రాఫ్ చూడండి. రోగమేమిటో ఆ గీతే చెబుతుంది. మబ్బులేని రోజు ఎంచుకోవాలి.

గీత నున్నగా గంట ఆకారంలో ఉండి, శిఖరం 2.5 దగ్గరుంటే ఏ గొడవా లేదు. గంట ఆకారం ఉండి మొత్తం కుదించినట్టుంటే (శిఖరం 1.8, 2.0) దుమ్ము గానీ, స్ట్రింగ్‌లో (వరుసగా కలిపిన ప్యానెళ్లలో) ఒక ప్యానెల్ పనిచేయకపోవడం గానీ కారణం. రోజూ ఒకే సమయంలో ఒకవైపు కొరికినట్టుంటే నీడ. రంపపు పళ్లలా ఉంటే మబ్బులు. గీత బాగా పైకి వెళ్లి ఒక్కసారిగా సున్నాకు పడి, కొన్ని నిమిషాలకు మళ్లీ లేచి, మళ్లీ పడుతుంటే, అదీ పదకొండు నుంచి రెండున్నర మధ్య అయితే, కారణం గ్రిడ్ (వీధి లైను) ఓల్టేజీ. మీ ఎర్ర లైటు చెబుతున్నది ఇదేనని నా అంచనా. ఇన్‌వర్టర్ అలారం చరిత్రలో "గ్రిడ్ ఓవర్ ఓల్టేజ్" అన్న పేరు తేదీ, సమయంతో సహా ఉంటుంది, చూసుకోండి. "గ్రిడ్ లాస్" అని ఉంటే అది మామూలు కరెంటు కోత. కరెంటు పోతే ఈ రకం ఇన్‌వర్టర్ ఎండ ఉన్నా ఆగిపోవాలి, లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు.

నష్టం లెక్క కూడా సరిపోతోంది. మధ్యాహ్నం 2.5 కిలోవాట్లు వచ్చే వేళ ఇన్‌వర్టర్ 20 నిమిషాలు ఆగితే 0.8 యూనిట్ పోయినట్టు. ఆగిన ప్రతిసారీ లైన్ నిలకడగా ఉందో లేదో చూసుకుని మళ్లీ మొదలవ్వడానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అలా అన్నీ కలిపి గంటన్నర ఆగితే మూడున్నర యూనిట్లు దాటుతుంది.

ఎందుకు ఆగుతుంది? ప్యానెల్‌లో సెల్ ఒక్కొక్కటి అర ఓల్టు కన్నా కాస్త ఎక్కువ ఇస్తుంది. వెలుతురు సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లను వదులు చేస్తుంది, సెల్ రెండు పొరల మధ్య ఉండే విద్యుత్ క్షేత్రం వాటిని ఒకే దిక్కుకు నెడుతుంది. అలాంటి సెల్‌లను వరుసగా కలిపితే ప్యానెల్‌కు 41 ఓల్టులు, 13 ఆంపియర్ల దాకా వస్తుంది. ఆరు ప్యానెళ్లూ వరుసలో ఉంటే 250 ఓల్టుల డీసీ, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు. దాన్ని ఇన్‌వర్టర్ ఏసీగా, అంటే వీధి లైన్లో ఉండే రకంగా మార్చి అందులోకి పంపాలి. పొలంలో నీటి మట్టం కాలువ మట్టం కన్నా ఎక్కువుంటేనే పొలం నీళ్లు కాలువలోకి పోతాయి, ఇదీ అంతే. వీధి ఓల్టేజీ కన్నా ఇన్‌వర్టర్ తన ఓల్టేజీ కాస్త పెంచితేనే కరెంటు బయటికి పోతుంది. మధ్య వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే ఇంకా పెంచాలి. ఒక హద్దు దాటితే ఆగిపోమని దానికి ముందే చెప్పి పెట్టి ఉంటుంది. 230కి పది శాతం కలిపితే 253, చాలా ఇన్‌వర్టర్లకు హద్దు అక్కడో, ఇంకాస్త పైనో ఉంటుంది. పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఇళ్లకు పగటిపూట లోడు తక్కువున్నప్పుడు 245 మామూలుగానే ఉంటుంది. అక్కడి నుంచి 253 ఎంత దూరం?

తప్పు మీ వైర్లో ఉందా, వీధిలో ఉందా తేల్చడానికి ఒక ఎలక్ట్రీషియన్, ఒక మల్టీమీటర్, పావుగంట చాలు. మీరే చేతులు పెట్టకండి, ఇవి కరెంటు ఉండగా చేసే కొలతలు. తేట ఆకాశం ఉన్న రోజు పన్నెండింటికి, ఇన్‌వర్టర్ 2.5 కిలోవాట్లు పంపుతున్నప్పుడు:

మొదట ఇన్‌వర్టర్ ఏసీ టెర్మినల్ దగ్గర ఓల్టేజీ కొలవాలి. వెంటనే మీటర్ దగ్గర కొలవాలి. రెండింటి తేడా మీ ఇంటి వైర్లో పడుతున్నది. రెండు మూడు ఓల్టుల లోపుంటే సరే. తర్వాత ఇన్‌వర్టర్ ఏసీ ఎంసీబీ (లైను ఆపే స్విచ్) దించేసి మళ్లీ మీటర్ దగ్గర కొలవాలి. అప్పుడూ 250 దగ్గరే ఉంటే వీధి ఓల్టేజీయే ఎక్కువ. 242కి దిగిపోతే స్తంభం నుంచి మీ ఇంటికొచ్చే సర్వీసు వైర్లో 8 ఓల్టులు పేరుకుంటున్నట్టు.

ఇంటి వైరు తప్పయితే పరిష్కారం సులువు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు (కరెంటుకు తీగ ఇచ్చే అడ్డు కొలత). మేడ మీది నుంచి మీటర్ దాకా 30 మీటర్లయితే పోను రాను 60, అంటే 0.44 ఓమ్. 2.5 కిలోవాట్లకు సుమారు 10 ఆంపియర్లు పారతాయి, అంటే 4.4 ఓల్టులు. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్లు వేస్తే 1.8 ఓల్టులకు దిగుతుంది. ఇక్కడ రెండున్నర ఓల్టులు మిగలడం చిన్న విషయంగా కనిపించొచ్చు గానీ, 251 దగ్గర నిలవడానికీ 253.5 దగ్గర ఆగిపోవడానికీ తేడా అంతే. వైరు మార్చేముందు బిగింపులు చూడండి. ఏసీ డబ్బాలో ఎంసీబీ స్క్రూ, లగ్ (వైరు చివర బిగించే లోహపు కొస), ఐసొలేటర్ (లైను విడదీసే స్విచ్), మీటర్ కింద కనెక్షన్. వదులు లగ్ ఒక్కటి 0.3 ఓమ్ అడ్డుకున్నా 3 ఓల్టులు పెరుగుతాయి, 30 వాట్లు అక్కడే వేడిగా మారతాయి. ప్లాస్టిక్ రంగు మారి, కమురు వాసన వస్తే అదే. అల్యూమినియం వైరును రాగితో నేరుగా మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు మన ఊళ్లలో కొల్లలు. అవి మొదట బాగానే ఉంటాయి, ఏడాదికి తుప్పు పట్టి ఇలా ఏడిపిస్తాయి. రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టర్‌తో మార్పించండి.

సర్వీసు వైరు తప్పయితే దాని మందం చూడండి. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ కూడా కిలోమీటరుకు 7.4 ఓమ్‌లే. స్తంభం 40 మీటర్ల దూరమైతే 10 ఆంపియర్లకు 6 ఓల్టులు. ఒకప్పుడు రెండు బల్బులు, ఒక ఫ్యాను కోసం లాగిన వైరు మీద ఇప్పుడు 2.5 కిలోవాట్లు తోస్తున్నాం. 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వేస్తే ఆ ఆరు ఓల్టులు రెండున్నరకు దిగుతాయి.

వీధి ఓల్టేజీయే ఎక్కువైతే మీ చేతుల్లో లేదు, కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా ఇవ్వాలి. "సోలార్ పనిచేయట్లేదు" అని రాయకండి, అది మీ కాంట్రాక్టర్ గొడవ అని పక్కన పెడతారు. "ఇన్‌వర్టర్ ఆపి ఉంచినా మీటర్ దగ్గర మధ్యాహ్నం ఇన్ని ఓల్టులు వస్తున్నాయి" అని తేదీలు, సమయాలు, ఫోటోలతో రాయండి. వాళ్లు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. స్తంభం మీద మీ సర్వీసును లోడు ఎక్కువున్న ఫేజుకు మార్చొచ్చు. ఒకే ఫేజు మీద నాలుగైదు సోలార్ ఇళ్లు ఉంటే పంచొచ్చు. ట్యాప్ (ఓల్టేజీ మెట్టు మార్చే అమరిక) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఒక మెట్టు దించొచ్చు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులుగా ఉందేమో తప్పక చూడమనండి. న్యూట్రల్ వదులైతే ఒక ఇంట్లో 260, పక్కింట్లో 190 ఇలా ఊగుతుంది, టీవీలు కాలిపోయేది దానివల్లే. మీ ఇంట్లో ఈ మధ్య బల్బులు తరచూ పోతుంటే దీన్ని అత్యవసరంగా చూడండి.

ఈలోపు పనికొచ్చే చిట్కా ఒకటి. మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, గీజర్ లాంటి బరువు పనులు పదకొండు, రెండు మధ్యకు మార్చుకోండి. ఇంట్లో ఎంత వాడితే బయటికి తోసేది అంత తగ్గుతుంది, ఓల్టేజీ కూడా ఆ మేరకు దిగుతుంది.

ఒకటి మాత్రం చేయించకండి. ఇన్‌వర్టర్ సెట్టింగుల్లో హద్దును 270, 280కి పెంచేసి "సెట్ చేశానండి" అని వెళ్లిపోయేవాళ్లున్నారు. ఎర్ర లైటు వెలగడం ఆగుతుంది నిజమే, ఆ ఓల్టేజీ మీ ఫ్రిజ్ కంప్రెసర్ మీద, పక్కింటివాళ్ల వస్తువుల మీద పడుతుంది.

ఓల్టేజీ కాదని తేలితే మిగతావి ఇలా చూడండి.

స్ట్రింగ్ డీసీ ఓల్టేజీ ఇన్‌వర్టర్ తెర మీదే ఉంటుంది. వేడి మధ్యాహ్నం ఆరు ప్యానెళ్లకు 210 నుంచి 230 మధ్య ఉండాలి. 175, 190 మధ్య నిలకడగా ఉంటే ఒక ప్యానెల్ మొత్తం పక్కకు పోయినట్టు. 12 ఓల్టులు మాత్రమే తగ్గితే ఒక బైపాస్ డయోడ్ (పనిచేయని భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపేది) పరిధిలోని మూడో వంతు ప్యానెల్ పోయినట్టు, అక్కడ నీడో, పిట్ట రెట్టో, పాడైన డయోడో ఉంటుంది. ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు సరిగ్గా నొక్కి బిగించకపోయినా, రెండు వేర్వేరు కంపెనీలవి ఒకదాంట్లో ఒకటి దూర్చినా అక్కడ వేడెక్కి కరుగుతాయి. కరెంటు పారుతుండగా వాటిని లాగకూడదు, డీసీ ఆర్క్ (తెగిన చోట గాలిలో లేచే మెరుపు) ఏసీలా వెంటనే ఆరదు. ముందు ఏసీ ఎంసీబీ, తర్వాత డీసీ ఐసొలేటర్ దించాకే చెయ్యి పెట్టాలి.

నీడ గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనవరిలో పెట్టిన సిస్టమ్‌లకు మేలో కొత్త నీడలు వస్తాయి. సూర్యాపేట అక్షాంశం 17 డిగ్రీలు. డిసెంబరులో పొద్దున తొమ్మిదింటికి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, వస్తువు ఎత్తుకు 1.7 రెట్లు నీడ పడుతుంది. అందుకే ప్యానెళ్లకు దక్షిణాన ఉన్న పిట్టగోడ, ట్యాంకు ఎంత ఎత్తుంటే దానికి ఒకటిన్నర రెట్ల దూరమైనా వదలాలి. ఇది అందరూ చూస్తారు. చూడనిది ఇంకొకటి: మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మన దగ్గర సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ప్యానెళ్లకు ఆనుకుని ఉత్తరాన మెట్ల గది ఉంటే ఆ రెండున్నర నెలలు దాని నీడ ప్యానెళ్ల మీద పడుతుంది. చలికాలంలో సర్వేకు వచ్చినాయనకు అది కనపడదు.

దుమ్ముకు మన దగ్గర నెలకు 5 శాతం దాకా పోవడం మామూలే, రైస్ మిల్లు, ఇటుక బట్టీ, క్రషర్ పక్కనైతే ఇంకా ఎక్కువ. సమంగా పరుచుకున్న దుమ్ము కన్నా కింది అంచున పేరుకున్న మట్టి గీత చెడ్డది. వాలు ఐదు డిగ్రీలే ఇస్తే వాన నీళ్లు ఫ్రేము దగ్గర ఆగి ఎండుతాయి, కింది వరుస సెల్‌లు ఎప్పుడూ కప్పబడి ఉంటాయి. పది డిగ్రీలు దాటితే వానే కడిగేస్తుంది. మీరు కడిగేటప్పుడు తెల్లవారుజామునో సాయంత్రమో కడగండి, కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు కొడితే పగలొచ్చు. మీ వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అవి ఆరితే తెల్లటి పొర కడుతుంది, తర్వాత అది ఊడదు. వాన నీళ్లో, మంచినీళ్లో వాడండి, లేదంటే కడిగిన వెంటనే మెత్తటి రబ్బరు వైపర్‌తో లాగేయండి. సబ్బు పొడి వద్దు. ప్యానెల్ మీద ఎక్కి నిలబడటం అసలే వద్దు, సెల్‌లలో కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి.

ఇక ఆ రెండు ప్యానెళ్ల సంగతి. ఎనిమిది కలిపితే 4.32 కిలోవాట్లు, ఇన్‌వర్టర్ మాత్రం 3 కిలోవాట్లకు మించి ఇవ్వదు. పొద్దున, సాయంత్రం కాస్త పెరుగుతుంది, మధ్యాహ్నం బల్లపరుపుగా కోసేస్తుంది. ఇప్పుడు 2.5 దగ్గర ఓల్టేజీ తట్టుకోలేక ఆగుతున్నది అప్పుడు 3.0 తోయబోయి ఇంకా తరచుగా ఆగుతుంది. పైగా డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర మీకు అనుమతి ఉన్న సామర్థ్యం ఎంతో చూసుకోకుండా కలపకూడదు. ఇళ్ల మీది సోలార్‌కి కేంద్రం ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ సబ్సిడీ కూడా 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దగ్గర ఆగిపోతుంది, అదనపు ప్యానెళ్లకు ఏమీ రాదు.

పెట్టినాయనతో మాట్లాడేముందు మూడు తేట రోజుల గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు, అలారం చరిత్ర, పైన చెప్పిన మూడు ఓల్టేజీ కొలతలు దగ్గర పెట్టుకోండి. సూర్యఘర్ కింద పెట్టించుకుంటే ఐదేళ్ల మెయింటెనెన్స్ బాధ్యత వాళ్లదే, ఒప్పందం కాగితంలో ఉంటుంది. యాప్ ఖాతా వాళ్ల ఫోన్ నంబరు మీద ఉంటే ఇప్పుడే మీ పేరుకు మార్పించుకోండి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు వెనక స్టిక్కర్ మీద ఉంటాయి, ఎండకు వెలిసిపోకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, వారంటీ అడిగితే మొదట అడిగేది అవే. కొలతలు వచ్చాక ఆ మూడు అంకెలు, మేడ నుంచి మీటర్‌కూ, మీటర్ నుంచి స్తంభానికీ ఎన్ని మీటర్లో ఇక్కడ రాయండి. ఏ వైరు ఎంత మందం వేయించాలో లెక్క కట్టి చెబుతాను.